మామ వెనక ఖాళీ బండి

మా మామ ఆరోగ్యం కోసం ఆళ్లగడ్డ వీధిలో మొదటిసారి నడిచిన రోజు, ఆయన వెనకాలే మా ఎద్దులబండి ఖాళీగా వచ్చింది. పొరపాటున రాలేదు, మా అత్తే పంపించింది. ఇంటి పెద్ద పట్టపగలు కాలినడకన పోతుంటే చూసినవాళ్లు ఏమనుకోవాలి? ఎద్దులు చచ్చాయనుకుంటారు, లేదా ఇల్లు చితికిపోయిందనుకుంటారు. బండి ఉంది, ఎద్దులున్నాయి, మనిషే కావాలని నడుస్తున్నాడని ఊరికి తెలియడానికి ఆ ఏర్పాటు. ఎద్దుల మెడలకు గంటలు కూడా కట్టించింది, ఇళ్లలో ఉన్నవాళ్లకు వినపడాలని.

నవ్వుకోండి. నేనూ చాలాసార్లు నవ్వాను. కానీ ఆ బండి గుర్తొచ్చి నవ్వినప్పుడల్లా దాని వెంట ఇంకోటి కూడా గుర్తొస్తుంది. అది ఇన్నేళ్లూ ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా మామ కాలి బొటనవేలు పోవడంలో నా పాలు కూడా ఉంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చి రెండో ఏడు నడుస్తోంది. మా పుట్టిల్లు నంద్యాల. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, నోరున్నదాన్ని, కోపం ముక్కుమీదే ఉండేది. మా అమ్మ నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు చీరలకంటే ఎక్కువగా జాగ్రత్తలే మూటగట్టింది. "నోరు మూసుకోనుండు. మామ ఎదురుగా నిలబడాకు. మామతో మాట్లాడాకు." మా ఇళ్లలో అది ఆచారం. కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. చెప్పాల్సింది ఉంటే అత్తకు చెప్పాలి. అత్త లేకపోతే తలుపు చాటున నిలబడి తలుపుతో చెప్పాలి. "నీళ్లు తోడినా" అని నేను తలుపుతో అనేదాన్ని. "సరే" అని ఆయన ఇంటి దూలంతో అనేవాడు. రెండేళ్లలో నేను ఆయన మొహం సరిగా చూసిందే లేదు. నాకు బాగా తెలిసినవి ఆయన పాదాలు. తల వంచుకొని తిరిగే మనిషికి కనపడేవి అవే కదా.

పెద్ద మనిషి ఆయన, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. కాలువ కింద వరి మడులు, పైన నల్లరేగడి చేలు ఉండేవి. రెండు వీధుల అవతల పంచాయితీకి పోవాలన్నా బండి కట్టాల్సిందే. ఆ ఎండాకాలం ఆయనకు దాహం పట్టుకుంది. కుండెడు నీళ్లు తాగినా నాలుక పిడచగట్టుకు పోయేది. చొక్కాలు వదులయ్యాయి. కొట్టం వెనక ఆయన ఒంటికి పోయే చోట చీమలు బారులు తీరాయి. బండి తోలే ముసలాయన అది చూసి మా అత్త దగ్గరికి వచ్చి, తల గోక్కుంటూ చెప్పాడు.

"అమ్మా, అయ్యకు చక్కెర జబ్బు వచ్చినట్టుంది. ఆడ చీమలు పడతాండాయి."

"నీ నోట్లో మన్ను పడ! చీమలు యాడ పడవు?" అని కయ్యిమంది అత్త. కానీ ఆ సాయంత్రం తనే పోయి చూసి వచ్చింది. తెల్లారి నంద్యాల బస్సెక్కాము. మా ఆయన, మామ, అత్త. పుట్టింటి ఊరు కదా అని నన్నూ తీసుకుపోయారు.

నంద్యాల డాక్టరు పరీక్షలన్నీ చేసి, చీమలు చెప్పిందే చెప్పాడు. రోజూ పొద్దున సూది. వరి అన్నం బాగా తగ్గించాలి. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నడవాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసి మా ఆయనకు ఇవ్వబోయాడు. మా ఆయన ధ్యాసంతా పత్తి ధర మీద ఉంది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటుంటే డాక్టరు చూసి, దాన్ని వెనక్కి తీసుకొని నా చేతికిచ్చాడు. "నువ్వు చదవగలవు కదమ్మా? చివరి వాక్యం బయటికి చదువు" అన్నాడు.

చదివాను. రోజూ రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూసుకోవాలి అని ఉంది.

"ఈ జబ్బులో కాళ్లకు స్పర్శ తగ్గిపోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండు చాలు, కాలు తీసెయ్యాల్సి వస్తుంది. అట్లా తీసేసిన రైతులను నేను చూసినాను" అన్నాడు డాక్టరు. ఆ మాట అంటూ ఆయన మా మామను చూడలేదు, నన్నే చూశాడు.

ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని వంటింటి గూట్లో పెట్టుకున్నాను. సూది వేయడానికి నర్సమ్మ కుదిరింది. క్రైస్తవురాలు, చర్చి వీధిలో ఉండేది. నంద్యాలలో నర్సు పని నేర్చుకొని వచ్చింది. ఆమె తల్లి మా చేలల్లో కలుపు తీసిన మనిషి. నర్సమ్మ తెల్లచీర కట్టుకొని, స్టీలు డబ్బాలో సూది మరగబెట్టుకొని, పొద్దున్నే వచ్చేది. అరుగు దాటి లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. మామ అరుగు మీదికి వచ్చి కూర్చుంటే, అక్కడే సూది వేసేది. ఆమె పోయాక మా అత్త అరుగు మీద నీళ్లు చల్లేది. ప్రాణం నిలబెట్టే చెయ్యి తగిలితే మైలట! నాకు ఒళ్లు మండేది, సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కానీ ఏం చేశాను? చెంబులో నీళ్లు నింపి ఇచ్చింది నేనే కదా.

మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచడం నర్సమ్మే నాకు నేర్పింది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో మామ ఉచ్చ చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద వేడిచేసేది. నీలంగానే ఉంటే బాగున్నట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం చక్కెర. పసుపు అయితే ఎక్కువ. ఇటుక రంగు వస్తే ప్రమాదం. ఈ పని కొట్టంలో ఎద్దుల పక్కన జరిగేది. వాకిలి ఊడుస్తున్నట్టు నటిస్తూ పోయి నేనూ చూసేదాన్ని. మొదటి రోజు అచ్చం ఇటుక రంగు వచ్చింది.

"అక్కా, ఇది ఎప్పటికి నీలం అవుతాది?" అని అడిగాను.

అక్కా అన్నందుకు ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. "నీ చేతిలో ఉండాది అమ్మీ. పళ్లెంలో ఏం పెడితే గొట్టంలో అదే" అంది.

పళ్లెం దగ్గర మొదలైంది అసలు యుద్ధం. కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో మగవాళ్లు వరిబువ్వ తప్ప ముట్టరు. జొన్నరొట్టె, కొర్రబువ్వ జీతగాళ్లకు. అది తిండి లెక్క కాదు, మర్యాద లెక్క. నేను తలుపు చాటు నుంచి కాగితం చదివితే మా అత్త మొహం మాడ్చుకుంది.

"ఏందీ? ఇంటి పెద్దకు జొన్నరొట్టె ఏసి, జీతగానికి వరిబువ్వ పెట్టల్లనా? రేప్పొద్దున కొట్టంలో పండమంటాడా ఆ డాక్టరు?"

మామ దూలంతో అన్నాడు: "సూది ఏపిచ్చుకుంటాండా గదా. ఇంగ తిండి సంగతి వానికెందుకంట?"

పదిహేను రోజులు అట్లాగే గడిచాయి. సూది ఒక పక్క, గుట్టగా వరిబువ్వ ఒక పక్క. గొట్టంలో రంగు పసుపు కంటే కిందికి దిగలేదు. మళ్లీ నంద్యాలకు పోయినప్పుడు డాక్టరుతో ఉన్న సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "మీ ఇంట్లో ఎవరి మాట నడుస్తుంది?" అన్నాడు. బండి ఆత్మకూరు అనే ఊళ్లో ఒక ఆకు వైద్యుడున్నాడని, మా అత్తకు ఆయన మాట వేదమని చెప్పాను. "అయితే ఆయన దగ్గరికే పోండి. పొడి ఏమైనా ఇస్తే నాకు చూపించి వాడండి. తిండి సంగతి ఆయన నోటితోనే చెప్పించండి. సూది మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు" అన్నాడు.

అత్తనూ మామనూ బండి ఆత్మకూరు పంపించాను. ముందుగా నర్సమ్మ పోయి ఆయనతో మాట్లాడి వచ్చిందని అత్తకు ఎప్పుడూ తెలియలేదు. నిజానికి ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఆయన ముప్పై ఏళ్లుగా కొర్రబువ్వే తింటున్నాడట. నేరేడు గింజల పొడి ఇచ్చి, "దీనికి పత్యం ఉండాది. మండలం దినాలు వరిబువ్వ వాసన గూడా సూడగూడదు. కొర్రబువ్వ, జొన్నరొట్టె, కాకరకాయ, పల్చని మజ్జిగ. తప్పితే పొడి తిరగబడతాది" అని బెదిరించాడట.

ఇంకేముంది! డాక్టరు చెబితే కూలోళ్ల తిండి, వైద్యుడు చెబితే పత్యం. మా అత్త మడి కట్టుకొని కొర్రబువ్వ వండింది. పత్యం అంటే మా వాళ్లకు అంత గౌరవం. మామ కూడా మొదటి వారం మూతి ముడుచుకున్నా, జొన్నరొట్టెలోకి చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, రుచి మరిగాడు. మండలం దాటాక కూడా వరిబువ్వ అడగలేదు. పొడి పనిచేసిందో లేదో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదన్నాడు. ఆ పొడి పేరు మీద పళ్లెం మారింది, నాకు అది చాలు.

ఇక నడక. దాని సంగతే మొదట చెప్పాను. ఖాళీ బండి వెంట వస్తుంటే మా మామ ఎంత దూరం నడుస్తాడు? వీధి మలుపు దాకా నడిచి, అక్కడ కుడి ఎడమలు చూసుకొని, బండి ఎక్కి కూర్చునేవాడు. కాలువ గట్టు దాకా బండిలో పోయి, అదే బండిలో వచ్చి, మలుపు దగ్గర దిగి, ఇంటి దాకా ఠీవిగా నడిచి వచ్చేవాడు. బండి తోలే ముసలాయన నాకు ఈ సంగతి చెప్పి, "ఎద్దులకు మాత్రం బాగా అరుగుతాంది తల్లీ" అన్నాడు.

పైగా ఆ మలుపు దాకా నడిచే కాస్త దూరంలోనూ పలకరింపులు. "ఏమప్పా, నడ్సుకుంట పోతాండావ్? ఎద్దులకేమన్నా అయిందా?" ఒకాయన, "మా బండి తోలియ్యమంటావా అన్నా?" అన్నాడట. మామకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి "నేను రేపట్నుంచి నడ్సను" అని దూలానికి చెప్పాడు.

అప్పుడు మా అత్త ఇంకో ఉపాయం పన్నింది. మావైపు చెప్పులను మెట్లంటారు. మందపాటి తోలుతో, నడిస్తే కిర్రు కిర్రుమని చప్పుడు చేసేలా కుట్టే మెట్లు ఉండేవి. బొటనవేలికి తోలు ఉంగరం, పైన ఎర్ర రంగు. పెద్ద రైతులు పెళ్లిళ్లకూ పంచాయితీలకూ వేసుకునేవి. అవి వేసుకొని నడిచే మనిషిని చూసి ఎవడు చితికిపోయాడంటాడు? ఉత్తకాళ్లతోనో పాత చెప్పులతోనో నడిస్తే బీదతనం, కిర్రు చెప్పులతో నడిస్తే దర్జా. అత్త కుట్టించి తెప్పించింది.

అవి పనిచేశాయి, అదే నా బాధ. ఆ చప్పుడు మామకు ఎంత నచ్చిందంటే, మలుపు దగ్గర బండి ఎక్కడం మానేశాడు. కాలువ గట్టు దాకా నిజంగానే నడిచి వచ్చేవాడు. ఆయన వీధి మొదట్లో ఉండగానే కిర్రు కిర్రు వినపడేది, నేను మజ్జిగ కలిపేదాన్ని. గొట్టంలో రంగు ఆకుపచ్చకు దిగింది. ఒకరోజు నర్సమ్మ గొట్టం ఎత్తి వెలుతురుకు పట్టుకొని "అమ్మీ, రా!" అని అరిచింది. నీలం! పల్చటి, శుభ్రమైన నీలం. ఎద్దుల మధ్య నిలబడి ఇద్దరం చేతులు పట్టుకొని నవ్వుకున్నాం. ఆ రోజంత సంతోషం నాకు నా పెళ్లిరోజున కూడా లేదు.

మరుసటి రోజు నర్సమ్మ కొత్తపల్లెలో చెల్లెలి కాన్పుకని వెళ్లింది. పది రోజులపాటు ఆమె బదులు ఒక కంపౌండరు వచ్చి, నిలబడి సూది వేసి, నిలబడే వెళ్లిపోయేవాడు.

ఆ పది రోజుల్లో మొదటి రోజే నేను చూశాను. మా ఇంటి నేల నాపరాళ్లది. పొద్దున తుడుస్తుంటే, మామ నడిచిన చోట రాయి మీద ఎర్రటి మరక కనపడింది, పావలా బిళ్లంత. ఇంకో అడుగు దూరంలో ఇంకోటి. కుడికాలు పడిన చోటల్లా ఉంది, ఎడమకాలు పడిన చోట లేదు. వేలితో రాసి చూశాను, వాసన చూశాను. అది నెత్తురని నాకు తెలుసు.

అత్త దగ్గరికి పరిగెత్తాను. "అత్తా, మామ కాలి నుంచి నెత్తురు కారతాంది."

అత్త వచ్చి చూసింది. "నెత్తురేంది, మెట్ల రంగది. కొత్త తోలు, చెమటకు దిగుతాంది. తుడువు" అంది.

"రెండు మెట్లకూ రంగుంటే రెండో కాలికీ దిగల్ల గదత్తా."

"నీకన్నీ వంకలే. తుడుస్తావా లేదా?"

తుడిచాను. తుడిచి, తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. మామ అవతల మంచం మీద ఉన్నాడు. కాగితంలోని చివరి వాక్యం నోట్లో ఉంది. మామా, కాలు చూసుకో అనాలి, అంతే, మూడు మాటలు. తలుపుతోనైనా అనొచ్చు. కానీ అత్త రంగు అన్నాక, మళ్లీ తలుపు చాటున నేను నెత్తురు అంటే అత్తను అబద్ధం ఆడినదాన్ని చేసినట్టు. ఇంత నోరున్నదాన్ని, నంద్యాల బజార్లో బేరం ఆడితే అంగడివాళ్ల చేత దణ్ణం పెట్టించుకునేదాన్ని, ఆ తలుపు పట్టుకొని నిలబడి, నిలబడి, వెనక్కి వచ్చేశాను. మరుసటి రోజూ మరక ఉంది. తుడిచాను. ఆ తర్వాత మరక ఆగింది. అమ్మయ్య, మానిందిలే అనుకున్నాను. నెత్తురు ఆగింది మాని కాదు, నల్లబడి.

నర్సమ్మ తిరిగి వచ్చిన పొద్దున, అరుగు ఎక్కుతూనే ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. "అయ్యా, ఆ కుడిమెట్టు తియ్యి" అంది.

"ఎందుకు?"

"తియ్యి ముందు!"

ఆమె ఆయనతో అంత గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. చెప్పు తీశాడు. తోలు ఉంగరం కొరికిన చోట బొటనవేలు చుట్టూ పుండు. వేలి కొన నేరేడుపండులా నల్లగా ఉంది. నేను తలుపు చాటు నుంచి చూశాను. నర్సమ్మ మొహంలో రంగు పోయింది.

"ఇప్పుడే నంద్యాలకు పోవల్లయ్యా. ఈ పొద్దే."

"నొప్పేమీ ల్యా" అన్నాడు మామ. "నొప్పి లేని పుండుకు నంద్యాలేంది? పత్తి తీస్తాండారు. శుక్రవారం దాటినాక సూస్తాం."

"కాలు పోతాది అయ్యా!"

"పోయేకి నువ్వు చెప్తే పోతాదా? పసుపు పెట్టి కట్టు కట్టు సాలు."

మా ఆయన ఊళ్లో లేడు. అత్త ఏడుస్తోంది కానీ, పెద్దాయన మాటకు ఎదురు చెప్పడం ఆమెకూ అలవాటు లేదు. పోయి ఆకు వైద్యుణ్ణి పిలుద్దామంటోంది. నర్సమ్మ అరుగు మీద మోకాళ్ల మీద కూర్చొని బతిమాలుతోంది. ఆమె తల తిప్పి తలుపు వైపు, నా వైపు చూసింది. నాలో ఏం తెగిందో తెలియదు. తలుపు దాటి, అరుగు మీదికి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను. తల మీద కొంగు జారిపోయింది కూడా.

"లెయ్ మామా. బండెక్కు."

వీధిలో పోయేవాళ్లు ఆగారు.

"ఏమ్మే!" అంది అత్త. "ఎవురితో మాట్లాడతాండావ్?"

"మామతోనే అత్తా. తలుపుతో చెప్పి చెప్పి ఈడికి వచ్చింది." ఆయన కాలి వైపు చెయ్యి చూపించాను. "నొప్పి ల్యాకపోతే బాగుందని కాదు మామా. ఆ యేలు సచ్చిపోయిందని. డాక్టరు రాసిచ్చినాడు, నా దగ్గర కాగితం ఉండాది. శుక్రవారం దాకా ఉంటే కాలు తీసేస్తారు. కాలు ల్యాకుండా మడి గట్టు మీద ఎట్ల నిలబడతావో చెప్పు, నేను లోపలికి పోతా."

మా మామ మొదటిసారి నా మొహం వంక చూశాడు. నేనూ మొదటిసారి చూశాను. మీసం కింద ఆయన పెదవి అదురుతోంది. కోపమనుకున్నాను. అది భయమని తర్వాత తెలిసింది.

"బండి కట్టు" అన్నాడు బండి తోలే ముసలాయనతో. "బేగా కట్టు."

ఆ రోజు బండి ఖాళీగా పోలేదు. బస్సు దాకా నర్సమ్మ కూడా అదే బండిలో, ఆయన కాలిని తన ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. అత్త ఆమె పక్కనే కూర్చుంది. నీళ్లు చల్లే తీరిక ఎవరికీ లేదు.

నంద్యాలలో బొటనవేలు తీసేశారు. పాదం దక్కింది. డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే మోకాలి దాకా తీయాల్సి వచ్చేది. సమయానికి తెచ్చినారు" అన్నాడు. అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా ఇంకో మాట అన్నాడు. "పది రోజుల ముందు చూసి ఉంటే వేలు కూడా పోయేది కాదమ్మా. ఎవరూ చూడలేదా?"

"లేదు సార్" అన్నాను. అబద్ధం. ఆ అబద్ధం నాకు అన్నం సయించనివ్వలేదు.

ఆళ్లగడ్డకు తిరిగొచ్చాక నర్సమ్మ పట్టుబట్టింది. ఇకమీద రోజూ ఆ పాదాలు ఎవరో ఒకరు చూడాల్సిందే, ఆయనకు వంగి చూసుకోవడం రాదు, అత్తకు చూపు ఆనదు. "నువ్వే సూడల్ల అమ్మీ" అంది. కోడలు మామ కాలు పట్టుకొని వేళ్ల సందులు వెతికితే ఊరు ఏమంటుంది అన్నాను. ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. "పొద్దున్నే కాళ్లకు మొక్కు. మొక్కితే ఎవురూ ఏమనరు. మొక్కేటప్పుడు నిదానంగా మొక్కు."

అట్లా మొదలుపెట్టాను. పొద్దున స్నానం చేసి, తల మీద కొంగు కప్పుకొని, అరుగు మీద కూర్చున్న మామ పాదాలకు వంగి మొక్కేదాన్ని. రెండు చేతులతో పాదం పట్టుకొని, కింద అరచేత్తో తడిమి, వేళ్ల సందులు ఒక్కొక్కటీ విడదీసి చూసి, కళ్లకద్దుకొని లేచేదాన్ని. మా వీధివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. పండగలకు మొక్కే కోడళ్లను చూశారు గాని, రోజూ ఇంతసేపు మొక్కే కోడలిని చూడలేదు. "నోరున్న పిల్ల అనుకుంటిమి, ఎంత బుద్ధిమంతురాలు!" అన్నారు. మా అత్త పొంగిపోయి, చుట్టాలొస్తే పనిగట్టుకొని ఆ వేళకు అరుగు మీద కూర్చోబెట్టేది. నాకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టుండేది. వాళ్లు భక్తి అంటున్నారు. నేను తొమ్మిది వేళ్లు చూస్తున్నాను, పదోది లేని చోటు చూస్తున్నాను.

పుండు పూర్తిగా మానాక మామ మళ్లీ నడక మొదలుపెట్టాడు. డాక్టరు చెప్పిన కొలతతో మెత్తటి చెప్పులు కుట్టించాం, చప్పుడు చేయనివి. చేతిలో కర్ర. మొదటి రోజు అత్త అలవాటు కొద్దీ బండి కట్టించింది. మామ అరుగు అంచున నిలబడి గంటల చప్పుడు విన్నాడు. "ఇప్పు ఎద్దులను" అన్నాడు. కుంటుకుంటూ ఒక్కడే వీధిలోకి దిగాడు. ఎవరో అడిగారట, బండి ఏమైందని. "కొట్టంలో ఉండాది. సక్కెర నాకు, ఎద్దులకు గాదు" అన్నాడట. అరుగు మీద నీళ్లు చల్లడం మాత్రం మా అత్త వెంటనే మానలేదు. ఎప్పుడు మానిందో నేను కచ్చితంగా చెప్పలేను. ఒకరోజు చెంబు అడగలేదు, అంతే గుర్తుంది.

ఇవన్నీ బాగుపడ్డకొద్దీ నా లోపలిది బరువెక్కింది. ఒక పొద్దున మొక్కడానికి వంగితే మామ నవ్వాడు. ఇంట్లో అప్పటికే మేమిద్దరం అవసరానికి ఒకటి రెండు మాటలు నేరుగా మాట్లాడుకుంటున్నాం.

"దినామూ మొక్కుతాండావే అమ్మీ, ఏం కావల్ల నీకు?"

పాదం నా చేతుల్లోనే ఉంది. ఇక ఆపుకోలేకపోయాను. "నాకేమీ వద్దు మామా. నేను సూసినా. నాపరాయి మీద నెత్తురు నేను ముందే సూసినా, పది దినాల ముందు. అత్తకు చెప్పినా, మెట్ల రంగనింది. నీకు చెప్పల్యా. చెప్పింటే నీ యేలు ఉండేది." ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లనీళ్లు ఆయన పాదం మీదే పడ్డాయి.

మామ వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వొక్కదానివే సూసినావనుకుంటాండావా?" అన్నాడు చివరికి. "నేనూ సూసినా. నువ్వు సూసిన దినమే. మెట్టు నిండా నెత్తురే. కాలువలో కడుక్కొని వచ్చినా. కొత్త మెట్లు కొరికి కుంటుతాండానంటే ఊరు నగుతాదని. మీ అత్తకూ తెల్సు అది రంగు గాదని. మీకు నేను చెప్పల్యా, నాకు మీరు చెప్పల్యా." నా చేతుల్లోని పాదం వంక చూశాడు. "ఒగే ఇంట్లో ముగ్గురం సూసినాం గదమ్మీ."

నేను కొంగుతో ఆ పాదం తుడిచి, కింద పెట్టి, లేవబోయాను.

"యాడికి పోతాండావ్?" అన్నాడు మామ, ఎడమకాలు ముందుకు చాపి. "ఈ కాలు సూడల్యా ఇంగా."